ఎర్త్ చువ్వకు కావలి

గాయం చాలా చిన్నది. నా అనుమానానికి అదే మొదటి కారణం.

జగిత్యాల ఆసుపత్రిలో మా లైన్‌మన్ కుడి భుజానికి కట్టుతో, మంచం మీద గోడకు ఆనుకొని కూర్చున్నాడు. స్తంభం మీద పని చేస్తుండగా కరెంటు కొట్టి వెనక్కి ఒరిగి, నడుముకు కట్టుకున్న బెల్టుకు వేలాడి, దింపేదాకా అలాగే ఉన్న మనిషి. అరచేయి చూపించమన్నాను. బొటనవేలి కింద కమిలిన ఒక మచ్చ, దాని నడుమ కందిగింజంత బొబ్బ. అంతే. పదకొండు వేల వోల్టుల లైనులోకి నిజంగా సరఫరా వచ్చి ఉంటే ఆ అరచేయి చూపించడానికి మిగిలేది కాదు. బహుశా చూపించే మనిషీ మిగిలేవాడు కాదు.

“పట్టుకొని లాగిందా, విసిరేసిందా?” అని అడిగాను.

“గుంజలే సార్. తన్నింది. బర్రె తన్నినట్టు ఒక్కటే తన్ను. మల్ల ముట్టుకుంటే మల్ల తన్నునో ఏమో, నేనెందుకు ముట్టుకుంట!”

“ఎందుకు ముట్టుకోడు సార్,” అంది పక్కనే కూర్చున్న అతని భార్య. “పట్టీ ఇప్పంగనే మల్ల గా స్తంభమే ఎక్కుతడు. ఇంట్ల బల్బు మార్చుమంటె మాత్రం రేపంటడు.”

నవ్వడానికి భుజం సహకరించక అతడు మూలిగాడు. నేను నవ్వలేదు. నా ఆలోచన ఆ బొబ్బ మీదే ఉంది.

విద్యుత్ శాఖలో కొత్తగా చేరుతున్న యువ ఇంజనీర్లను ఉద్దేశించి ఈ జ్ఞాపకం రాస్తున్నాను. ఉద్యోగంలో ఉన్నంతకాలం సిబ్బంది నన్ను వెనుక ‘అనుమానం సారు’ అని పిలిచేవారు. నాకు తెలియదని వారు అనుకునేవారు. ఆ విషయంలోనూ నాకు అనుమానం ఉండేది. ఈ బిరుదు నాకు సిరిసిల్లలో మొదటి పోస్టింగులోనే వచ్చింది. అక్కడ సాంచాలు అని పిలిచే మరమగ్గాల షెడ్లు సందు సందునా ఉండేవి. మేము లైను ఆపగానే ఏదో ఒక షెడ్డులో జనరేటర్ మోగేది. ఆ జనరేటర్‌ను మా లైను నుంచి వేరుచేసే స్విచ్ సరిగా లేకపోతే దాని కరెంటు మా ట్రాన్స్‌ఫార్మర్ గుండా వెనక్కి ఎక్కి, మేము ఆపామనుకున్న లైనును మళ్లీ ప్రాణాంతకం చేస్తుంది. దీనినే మావాళ్లు ‘రిటర్న్’ అంటారు. అందుచేత సిరిసిల్లలోనే నేనొక నియమం పెట్టుకున్నాను: సరఫరా ఆపిన లైను అని ఎవరైనా చెబితే నమ్మకూడదు, భూమికి కలిపిన లైను అని చెబితే వెళ్లి చూడాలి.

ఈ సంఘటన నాటికి నేను జగిత్యాలలో ఉన్నాను. కోరుట్లకు, రాయికల్‌కు నడుమ పసుపు చేన్ల మీదుగా పోయే ఒక లైనులో ఇన్సులేటర్ పగిలింది. మార్చడానికి మా లైన్‌మన్, అతనితో పాతికేళ్లుగా పనిచేస్తున్న సహాయకుడు వెళ్లారు. సబ్‌స్టేషన్ ఆపరేటర్‌కు చెప్పి లైను ఆపించారు. మూడు తీగలనూ గొలుసుతో ఒకదానికొకటి కలిపి, ఆ గొలుసు నుంచి దిగిన పొడవాటి వైరును ఇనుప చువ్వకు బిగించి, చువ్వను భూమిలో దిగగొట్టారు. తీగలో ఏ కొంచెం విద్యుదావేశం మిగిలినా, కొత్తగా వచ్చినా, అది మనిషిని వెతుక్కోకుండా చువ్వ గుండా భూమిలోకి పోవాలని ఈ ఏర్పాటు. తర్వాత లైన్‌మన్ పైకెక్కాడు. సహాయకుడు కొత్త ఇన్సులేటర్ తేవడానికి రోడ్డు మీద ఆపిన వాహనం దగ్గరికి వెళ్లి వచ్చాడు. అతడు స్తంభం చేరుకునేసరికి పైన ఉన్న మనిషి తీగ మీద చేయి వేయడం, కేక వేయడం, వేలాడడం జరిగిపోయాయి.

నేను ఆసుపత్రి నుంచి బయటికి రాకముందే ఊరు దోషిని నిర్ణయించింది. ఆ రోజు ఆ లైను మీదే ఉన్న ఊళ్లో శ్రావణమాసపు పెళ్లి. పెళ్లికి షామియానాలు, కుర్చీలు, జనరేటర్ ఇచ్చినవాడు కోరుట్ల టెంట్‌హౌస్ యజమాని, ఉర్దూ మాట్లాడే ముస్లిం కుటుంబానికి చెందిన నడివయస్కుడు. మేము లైను ఆపగానే అతని జనరేటర్ మోగింది. ఇక కావలసిందేమిటి? లైన్‌మన్ తమ్ముడు పదిమందిని వెంటేసుకొని వెళ్లి అతని కాలర్ పట్టుకున్నాడు. జనరేటర్ వ్యాన్‌తో సహా అతన్ని పోలీస్ స్టేషన్‌లో అప్పగించారు.

నేను స్టేషన్‌కు వెళ్లేసరికి అతడు బల్ల చివర కూర్చొని ఉన్నాడు. చొక్కా పైగుండీలు తెగిపోయాయి.

“సార్, అల్లా కసం, నా వైరు ఆళ్ల మీటర్‌ను ముట్టనే లే. జనరేటర్‌కెల్లి సీదా షామియానాకే గుంజిన. బల్బులు, ఫ్యాన్లు, మైకు, బస్. గింత చిన్న జనరేటర్ అది సార్, లౌడ్‌స్పీకర్ పెద్దగ పెడితెనే దమ్ము తీస్తది.”

“దమ్ము తీస్తదా! మా అన్న దమ్ము తీసింది,” అని గుమ్మం దగ్గర నుంచి తమ్ముడు అరిచాడు. “సార్, మీరు రాసియ్యుండ్రి. కేసు ఎట్ల పెట్టరో నేను చూస్త.”

స్టేషన్ అధికారి మర్యాదస్తుడు. నా రాతపూర్వకమైన అభిప్రాయం చేతికొస్తే తన పని మొదలవుతుందన్నాడు. సరిగ్గా అప్పుడే మా పై అధికారి ఫోన్ చేశాడు. “జనరేటర్ రిటర్న్ అని రాసి పంపండి. అందరూ అదే అంటున్నారు. రేపటికి ముగిసిపోవాలి.”

అందరూ అదే అంటున్నారనే మాట వినగానే నాకు ఆ మాట మీద అనుమానం మరింత పెరిగింది. రిటర్న్ వచ్చి ఉంటే పైకెక్కేది మళ్లీ అదే పదకొండు వేల వోల్టులు. కందిగింజంత బొబ్బతో వదిలేది కాదు. అయినా టెంట్‌హౌస్ యజమానిని నేను నమ్మలేదు. కష్టంలో ఉన్న మనిషి మాట ఎంత దీనంగా ఉన్నా అది సాక్ష్యం కాదు. పెళ్లివారింటికి వెళ్లి, అతని వైరు ఎక్కడి నుంచి ఎక్కడికి పోయిందో నా చేతులతో తడిమి చూశాను. ఇంటి మీటర్‌కూ దానికీ సంబంధమే లేదు. పెళ్లికూతురి తండ్రి నా వెంటే తిరుగుతూ, “సారూ, జర మా ఇంటి పేరు రానియ్యకుండ్రి, ఇంకా అప్పగింతలు కాలే,” అని చేతులు జోడిస్తూనే ఉన్నాడు.

అక్కడి నుంచి సబ్‌స్టేషన్‌కు. ఆపరేటర్‌కు, గాయపడిన లైన్‌మన్‌కు నడుమ సెలవుల విషయంలో పాత పేచీ ఉందని నాకు తెలుసు. నేను వెళ్తున్నానని అతనికీ తెలుసు.

“సార్, నేను లైను ఇయ్యలే,” అన్నాడు నేను కూర్చోకముందే. “బ్రేకర్ తీసిన, స్విచ్ తీసిన, తాళం ఏసిన, తాళపుచెవి గిదే జేబుల పెట్టుకున్న. ఆయనకూ నాకూ మాటల్లేవు నిజమే. మాటలు లేకుంటె కరెంటు ఇస్తనా? గంత దుష్మన్‌నా నేను?”

లైనులో సరఫరా ఎప్పుడు ఆగిందో, ఎప్పుడు వచ్చిందో సబ్‌స్టేషన్ యంత్రమే గుర్తుపెట్టుకుంటుంది. దానికి ఎవరితోనూ పేచీలు లేవు. ఆ నమోదు తెరిపించి చూశాను. అతడు చెప్పింది నిజమే.

ఇక మిగిలింది మావాళ్లు. చువ్వ అసలు దిగగొట్టారా? ఎర్త్ చేయకుండానే పైకెక్కి, ప్రమాదం జరిగాక భయపడి, అధికారి వచ్చేలోగా చువ్వ పాతిన సందర్భాలు నా ఉద్యోగ జీవితంలో ఉన్నాయి. మర్నాడు పొద్దున సహాయకుడిని వెంటబెట్టుకొని చేనికి వెళ్లాను. ఏదీ కదల్చవద్దని నేను ముందురోజే ఫోన్‌లో ఆదేశించినందున గొలుసు, వైరు, చువ్వ అలాగే ఉన్నాయి.

చువ్వ నిలబడే ఉంది. అయితే నిలబడింది భూమిలో కాదు. చేనులోంచి ఏరి గట్టు మీద పోసిన ఎండు రాళ్ల కుప్ప నడుమ, రాళ్ల సందులో, నిటారుగా ఉంది. ఎండు రాళ్లలో నిలబెట్టిన చువ్వ తీగను భూమికి కలపదు.

“ఇక్కడ పాతావా?” అని అడిగాను.

సహాయకుడు నోరు తెరిచాడు. “లేదు సార్! గా స్తంభం మొదట్ల, తడి సాలుల కొట్టిన. సుత్తితోని మోచేతి లోతు దింపిన. రాళ్లల్ల ఎవడన్న పాతుతడా సార్, నేనేమన్న నిన్న మొన్న వచ్చినోన్నా?”

“నువ్వు వాహనం దగ్గర నుంచి తిరిగి వచ్చినప్పుడు చూడలేదా?”

“చూసిన సార్. చువ్వ నిలవడే ఉన్నది గద అనుకున్న.”

నిలబడి ఉందా అని చూశాడు. ఎక్కడ నిలబడి ఉందో చూడలేదు. మన శాఖలో జరిగే ప్రమాదాలలో ఎక్కువ భాగం ఈ రెండు చూపుల నడుమ ఉన్న ఖాళీలోనే జరుగుతాయని నా దృఢమైన అభిప్రాయం.

అతడు చెప్పింది అబద్ధమని తేల్చడానికి నేను సిద్ధపడే ఉన్నాను. కాని వంగి చూస్తే చువ్వ మీద మోచేతి పొడవున నల్లరేగడి ఎండి అంటుకొని ఉంది. రాళ్ల కుప్పలో ఆ మట్టి లేదు. స్తంభం మొదట్లో, పసుపు బోదె పక్కన తడి సాలులో, అంతే లావు రంధ్రం ఒకటి నీళ్లతో నిండి ఉంది. చువ్వను ముందు సరైన చోటే పాతారు. తర్వాత ఎవరో పీకి, ఇక్కడ నిలబెట్టారు. పైన మనిషి ఉండగా.

ఎవరు? లైన్‌మన్ మీద పగ ఉన్నవాడా? ఆ క్షణంలో ఆ ఊళ్లో ప్రతి మనిషి కాలరూ నా మనసులో ఒకసారి పట్టుకున్నాను.

చేనులో నలుగురైదుగురు ఆడవాళ్లు కలుపు తీస్తున్నారు. వారికి ముందు, పార భుజాన పెట్టుకొని ఒక ముసలామె నిలబడి మమ్మల్నే చూస్తోంది. చేను ఆమెదే. ఆమె చూపులో స్వాగతం ఏమాత్రం లేదు.

“అమ్మా, నిన్న ఈ చువ్వను ఎవరైనా ముట్టుకోవడం చూశారా?”

“చూసుడేంది? నేనే పీకిన,” అంది.

సహాయకుడి చేతిలోని సంచి కింద పడింది. “అవ్వా! నువ్వు పీకినవా? ఎందుకు పీకినవే!”

“ఎందుకు పీకుత? నా చేన్ల కరెంటు పొయ్యమని ఎవలు చెప్పిన్రు మీకు?” పార కింద ఆనించి ఆమె అతని వైపే తిరిగింది. “నువ్వే అన్నవు, నా చెవులార విన్న. పైకెక్కినాయనతోని ‘కరెంటంత గీ చువ్వల కెల్లి భూమిలకు పోతదిలే’ అన్నవా లేదా? భూమంటే ఎవలిది? నాది. తడి సాలు. ఆడోళ్లు ఒట్టి కాళ్లతోని కూసున్నరు. మొన్నటి వానకాలం మీ తీగ తెగి గీ సాల్లనే పడ్డది, నా బర్రె తడిల కాలు పెట్టి పడిపోయింది, లేవనే లేదు. గప్పుడు మీ సారోళ్లు ఏమన్నరు? తడి భూమిల కరెంటు పారుతది అవ్వా, దూరముండాలె అన్నరు. నేను దూరం పెట్టిన.”

“చేతితో పీకారా?”

“చేతితోని ఎందుకు పీకుత, నేనేమన్న పిచ్చిదాన్నా? పార తగిలిచ్చి లేపిన, గుంజకపోయి రాళ్లల్ల నిలవెట్టిన. రాళ్లల్ల ఎవలుండరు.”

“మరి నిన్నటి నుంచి ఎవరికీ చెప్పలేదేం?”

“ఎవలన్న అడిగిన్రా?” అంది.

ఎవరూ అడగలేదు. ఊరంతా, పోలీసులు, మా శాఖ, నేనూ అందరినీ అనుమానించాం. చేను యజమానురాలిని మాత్రం ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

ఇక్కడ ఒక్కటే ప్రశ్న మిగిలింది. సరఫరా ఆగింది, జనరేటర్ కలవలేదు. మరి తీగలోకి విద్యుదావేశం ఎక్కడి నుంచి వచ్చింది? తల ఎత్తి చూశాను. మా లైనుకు సమాంతరంగా, చేన్ల మీదుగా కనుచూపు మేర వరకు పెద్ద టవర్ల లైను. ఆ టవర్లు కట్టి చాలాకాలం ఊరకే నిలబడి ఉన్నాయి. మావాళ్లు వాటి పక్కన ఎన్నోసార్లు పని చేశారు. ఈ మధ్యే వాటిలోకి సరఫరా ఇచ్చారు. అంత వోల్టేజీతో నడిచే లైను తన పొరుగున, భూమికి కలపకుండా వేలాడే ఏ తీగ మీదనైనా ముట్టకుండానే విద్యుదావేశాన్ని పేరుస్తుంది. సరఫరా ఆపిన లైను ఆ క్షణం నుంచి భద్రం కాదు, దిక్కులేనిది. మొదట ముట్టుకున్నవాడి గుండానే అది దారి వెతుక్కుంటుంది. తన్నింది అని లైన్‌మన్ చెప్పిన మాట అక్షరాలా సరైనది.

అయితే ఈ మాట స్టేషన్‌లో చెబితే తమ్ముడు నవ్వాడు. “గాలిల కెల్లి కరెంటు వచ్చిందా సార్? టెంటాయన మీకేమన్న ముట్టజెప్పిండా?” ఊళ్లో అప్పటికే ‘సారు తిన్నడు’ అనే మాట లేచిందని ఆపరేటర్ చాలా బాధ నటిస్తూ నాకు తెలియజేశాడు. జీవితమంతా ఇతరులను అనుమానించినవాడికి తన వంతు వచ్చినప్పుడు ఫిర్యాదు చేసే హక్కు లేదు. నేను చేయలేదు. అందరి ఎదుట పరీక్ష పెడతానన్నాను.

పరీక్ష రోజున టెంట్‌హౌస్ వ్యాన్ స్టేషన్ ఆవరణలోనే ఉంది. సబ్‌స్టేషన్‌లో ప్రమాదం నాటి నుంచీ తీసే ఉన్న స్విచ్‌ను లైన్‌మన్ తమ్ముడికి చూపించి, దాని తాళపుచెవిని అతని చేతిలోనే పెట్టించాను. అతడు దానిని పిడికిలిలో బిగించి చేనికి వచ్చాడు. సగం ఊరు గట్టు మీద చేరింది. టెంట్‌హౌస్ యజమాని ఒక కానిస్టేబుల్ పక్కన, ఎవరికీ తగలకుండా దూరంగా నిలబడ్డాడు. చేనులోని ఆడవాళ్లందరినీ ముందుగా రోడ్డు మీదికి పంపాను. ముసలామె మాత్రం గట్టు దిగనంది.

చువ్వ ఆమె పెట్టినట్టే రాళ్ల కుప్పలో ఉంది. తీగలో ఆవేశం ఉంటే కూత పెట్టే పరికరాన్ని పొడవైన కర్ర చివర అమర్చి, రబ్బరు చేతొడుగులతో సహాయకుడు తీగ దగ్గరికి చాపాడు.

అది కూసింది.

తమ్ముడు పిడికిలి విప్పి తాళపుచెవి చూసుకున్నాడు. మళ్లీ మూశాడు.

తర్వాత గొలుసును కర్రతోనే లైను నుంచి తప్పించి, చువ్వను తీసి తడి సాలులో పాత రంధ్రం పక్కనే మోచేతి లోతు దింపి, గొలుసును మళ్లీ తగిలించాం. సహాయకుడు కర్ర చాపాడు. నిశ్శబ్దం. తమ్ముడు, “మల్లొక్కసారి,” అన్నాడు. గొలుసు తప్పించగానే కూత, తగిలించగానే నిశ్శబ్దం. అతడు మరోసారి అడగలేదు. టెంట్‌హౌస్ యజమాని దగ్గరికి నడిచి వెళ్లి, అతని చొక్కా వైపు చూస్తూ నిలబడ్డాడు.

“గుండీలు కుట్టిచ్చుకుంటలే భాయ్,” అన్నాడు టెంట్‌హౌస్ యజమాని. “మీ అన్న మంచిగైనంక దావత్ చేస్తరు గద. షామియానా నాదే పెట్టుండ్రి. జనరేటర్ మాత్రం తేను.”

ఆ మాటకు గట్టు మీద లేచిన నవ్వుల్లో ఎవరూ గమనించనిది నేను గమనించాను. ముసలామె పార గట్టు మీద పడేసి, స్తంభం పైభాగం వైపు చూస్తోంది.

“గట్లయితే ఆయన్ను కొట్టింది నేనేనా?” అంది మెల్లగా.

ఇలాంటి సమయంలో ఓదార్పు మాటలు నాకు చేతకావు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. చువ్వ తీయడం వల్లనే అతనికి తగిలింది. కాని ఆమె భయం నిరాధారం కాదు: పొరపాటున ఆ లైనులోకి సరఫరా వచ్చి ఉంటే, చువ్వ చుట్టూ ఉన్న తడి నేలలో ఒట్టి కాళ్లతో కూర్చున్నవారికి ప్రమాదమే. వారిని లేపి పంపించి, చువ్వ ఎందుకో చేనువారికి చెప్పి, దాని దగ్గర ఒక మనిషిని నిలబెట్టవలసింది మా శాఖ. నా నివేదికలో రాసిన కారణం కూడా అదే: చువ్వ వద్ద కావలి లేకపోవడం. చేను యజమానురాలిపై ఏ చర్యా అవసరం లేదని స్టేషన్‌కు రాసిచ్చాను. పై అధికారికి ఆ నివేదిక నచ్చలేదు. జనరేటర్ మీద రాస్తే తప్పు బయటివాడిది అయ్యేదని ఆయన స్పష్టంగానే సెలవిచ్చారు.

పసుపు మోకాలు దాటి ఎదిగాక అదే స్తంభం మీద అప్పట్లో తాత్కాలికంగా సర్ది వదిలిన ఇన్సులేటర్ పని ముగించడానికి మళ్లీ లైను ఆపాం. లైన్‌మన్ భుజం బాగై తానే ఎక్కాడు. అతని భార్య మాట ఆ మేరకు నిజమైంది. కొత్త నియమం ప్రకారం చువ్వ దగ్గర మనిషి కావాలి. మా సిబ్బందిలో ఒకరిని పెట్టబోతుంటే ముసలామె వచ్చి అడ్డం నిలబడింది. ఆ పని తనదే అంది. కాళ్లకు ఎవరివో పెద్ద రబ్బరు బూట్లు, చేతిలో పార. చేనులో పిట్టను కూడా ఉంచలేదు. చువ్వకు దూరంగా, దానిని చూస్తూ, ఎండలో అలాగే నిలబడింది. పనిలో ఉన్న మావాళ్లు పైనుంచి దించిన తాడు గాలికి అటు వైపు ఊగినా పార ఎత్తేది.

చువ్వ ఎంత లోతు దిగిందో చూద్దామని నేను సాలులోకి అడుగు వేశాను.

“ఆగు సారూ. అటే ఆగు.”

“అమ్మా, నేను చూడడానికే వస్తున్నాను. ఈ పని చేయిస్తున్నది నేనే.”

“అయితేంది? గా దినం పీకిన నేను బయటిదాన్నా? నా చేనే గద. పైన మనిషున్నడు. ఎవల్నీ రానియ్య.”

పైనుంచి లైన్‌మన్ నవ్వు వినిపించింది. జీవితంలో మొదటిసారి, నాకంటే ఎక్కువ అనుమానం గల మనిషి చేతిలో పని పెట్టానన్న నిశ్చింతతో నేను వెనక్కి నడిచి గట్టు ఎక్కాను.

ఆమె నా చెప్పుల వైపు, గట్టు అంచు వైపు మార్చి మార్చి చూసింది.

“ఇంకింత ఎనుకకు,” అంది.